వనపండుగలో ఏం లెక్కపెట్టాలి? ఒక గుట్ట పునరుద్ధరణపై కేస్ స్టడీ

నేపథ్యం

ఇది రాయలసీమలో వానలు తక్కువ పడే ఒక ప్రాంతపు అనుభవం. ఊరు, సమితి, మనుషుల పేర్లు ఇవ్వడం లేదు. గుట్టను గుర్తుపట్టే ఆనవాళ్ళు వదిలేసి, విస్తీర్ణం వంటి వివరాలను సుమారుగానే రాశాం. పద్ధతులు, కొలతలు, వాటి వెనక కారణాలు మాత్రం వేరే చోట వాడుకోవడానికి వీలుగా పూర్తిగా ఇస్తున్నాం.

ఊరిని ఆనుకుని వందెకరాలకు పైబడిన గుట్ట ఉంది. పైన రాతిగుండ్లు, నడుమ ఎర్రటి గరుసు నేల, పాదంలో చెరువు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన. బలుసు, రేగు, పరికి, కలివి, తంగేడు, బందారు పొదలు విస్తారంగా ఉంటాయి. నడుమ చీకిరేణి, గుండ్ల సందుల్లో నారేప, తునికి కనిపిస్తాయి. చెట్ల కింద బోదగడ్డి. రికార్డుల్లో దీన్ని క్షీణించిన అడవి అంటారు గానీ, ఆ వానకు, ఆ నేలకు సహజంగా నిలిచేది ఈ ముళ్ళపొదల అడవే. దీని మీద ఎత్తయిన చెట్లు, దట్టమైన నీడ ఆశించినప్పుడల్లా తప్పుడు మొక్కలు, తప్పుడు పనులు వచ్చిపడ్డాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992లో ఉమ్మడి అటవీ యాజమాన్యం (అటవీశాఖ, ఊరు కలిసి అడవిని కాపాడే పద్ధతి) మొదలైన తర్వాతి కాలంలో ఇక్కడ వన సంరక్షణ సమితి ఏర్పడింది. వంటచెరకు కోసం మొదలంటా నరకడం ఆగింది. కాపలాదారును పెట్టుకున్నారు. కొన్నేళ్ళకు ఊరి యువకులు కార్తీకంలో ఒక ఆదివారం వనపండుగ మొదలుపెట్టారు. ఉసిరి చెట్టు కింద వనభోజనం, పాటలు, ప్రసంగాలు, సన్మానాలు, వచ్చిన ప్రతి ఒక్కరి చేతా ఒక మొక్క నాటించడం. పట్నాల్లో స్థిరపడ్డ ఊరివాళ్ళు కూడా ఆ రోజుకు వచ్చి చందాలు ఇచ్చేవారు. కాపలాదారు జీతంలో ఎక్కువ భాగం ఆ చందాల నుంచే వచ్చేది. ఈ చివరి వివరం ఎంత ముఖ్యమో చాలా ఆలస్యంగా తేలింది.

తెచ్చిన సమస్య, అసలు సమస్య

సమితి మమ్మల్ని సలహా అడిగింది నీళ్ళ గురించి. పండుగలో నాటిన మొక్కలు వేసవి దాటడం లేదు, పదింట ఒకటి మిగలడం కష్టంగా ఉంది, ట్యాంకర్లు పెట్టుకోవడానికి దాతల్ని చూపించమన్నారు. ఏటా ముందటేడు గుంతల్లోనే మళ్ళీ నాటుతున్నారు. ఫోటోల్లో మొక్కల సంఖ్య పెరుగుతోంది, గుట్ట మీద పెరగడం లేదు.

ఎండి చచ్చిన మొక్కను పైనుంచి చూసి కారణం చెప్పకూడదు. పదిహేను ఇరవై ఎండిన మొక్కల్ని పక్కన తవ్వి, వేళ్ళతో సహా బయటికి తీయించాం. దాదాపు అన్నింటా ఒకటే తీరు: వేళ్ళు పాలిథిన్ సంచి ఆకారంలోనే చుట్టుకుని ఉన్నాయి. గుంతలో పోసిన మెత్తటి మట్టిని దాటి గరుసులోకి ఒక్క వేరూ దిగలేదు. గట్టి గరుసులో గడ్డపారతో నున్నగా చెక్కిన 45 సెంటీమీటర్ల గుంత మొక్కకు కుండీ లాగే పనిచేసింది. కొన్నింటికి సంచి అడుగు మాత్రమే కోశారు, చుట్టూ అలాగే ఉంది.

తర్వాత చూసింది కాలం. కార్తీకం అంటే అక్టోబరు చివర, నవంబరు. ఈ ప్రాంతంలో పెద్ద వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లో పడతాయి. స్వాతి కార్తె దాటాక వాన మీద భరోసా పెట్టుకోలేం. నవంబరులో నాటిన మొక్కకు వేరు దింపుకునే తేమ కొద్ది వారాలే దొరుకుతుంది. ఆ తర్వాత మృగశిర దాకా ఏడు నెలలు ఎండ. వేప, కానుగ వంటి గట్టి మొక్కలకే అది కష్టం. నర్సరీ నుంచి ఉచితంగా వచ్చే గుల్‌మొహర్, బాదం మొక్కలకు అసాధ్యం.

మూడోది చోటు. వందల మంది ఒకేసారి నాటాలంటే నడవడానికి వీలైన చదును కావాలి. అందుకని ఏటా గుట్ట పాదంలోని గడ్డినేలనే చదును చేసేవారు. షామియానాకు, బండ్లు నిలపడానికి కూడా అక్కడే. ఆ శుభ్రం చేయడంలో కొట్టేసిన 'పిచ్చి కంప' ఏమిటంటే తంగేడు, బలుసు, చీకిరేణి మోళ్ళు. నరికినా చావకుండా నేలలో ఏళ్ళ తరబడి వేరు నిలుపుకున్న మోళ్ళు అవి.

ఇక్కడ ఒక లెక్క తీసుకోవాలని నిర్ణయించాం. ఊళ్ళో వాదన అంతా మాటల మీద నడుస్తోంది, కళ్ళతో చూసి ఒప్పుకునేది ఏదీ లేదు. నలభై మీటర్ల తాడుకు పదేసి మీటర్లకు ముడి వేసి, నాలుగు మూలలా మేకులు కొట్టి 10 మీ. × 10 మీ. చతురస్రాలు వేశాం. మూల నుంచి ఎదుటి మూలకు 14.1 మీటర్లు వస్తే చతురస్రం సరిగ్గా ఉన్నట్టు. పండుగ జరిగే చోట కొన్ని, ఎవరూ ముట్టని వాలులో కొన్ని, లాంటానా అనే కలుపు పొదల కింద కొన్ని. ప్రతిదాంట్లో బతికున్న మోళ్ళు, కొత్తగా మొలిచినవి, నాటినవి విడివిడిగా లెక్కించాం. మొక్కల పేర్లు చెప్పింది కట్టెలకు, ఆకులకు గుట్టకు వెళ్ళే ఆడవాళ్ళు. అరచేతిలో పట్టేంత చిగురు చూసి ఇది పరికి, ఇది రేగు అని వాళ్ళు చెప్పగలిగినంత ఖాయంగా మరెవరూ చెప్పలేదు.

ఎవరూ ముట్టని వాలులో బతికున్న మోళ్ళు పండుగ చోట నాటిన మొక్కల కంటే చాలా ఎక్కువ. అడవి లేని నేల మీద అడవి పెంచాలన్నది ఊరి ఆలోచన. అసలు సంగతి, నేలలో ఉన్న అడవిని పైకి రానివ్వకపోవడం. నీళ్ళ సమస్యగా వచ్చినది పండుగ సమస్యగా తేలింది: పండుగ ఏ పనిని గొప్ప చేస్తే ఊరు ఏడాదంతా ఆ పని చుట్టూనే తిరుగుతోంది. పండుగ నాటడాన్ని గొప్ప చేసింది, కాబట్టి డబ్బు, శ్రమ, పొగడ్త మొత్తం గుంతల్లోకే పోయాయి.

మొదట ప్రయత్నించినవి

అయినా ట్యాంకర్ల మాట తీసిపారేయలేదు. సమితి అడిగింది అదే కాబట్టి లెక్క వాళ్ళ చేతే వేయించాం. వెయ్యి మొక్కలు, వారానికి మొక్కకు పది లీటర్లు అంటే పది వేల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు వారానికి రెండు. డిసెంబరు నుంచి మే దాకా ఇరవై ఆరు వారాలకు యాభై రెండు ట్యాంకర్లు, అదీ ఒక్క ఏడాదికి. పైగా గుంతల దాకా బండి వెళ్ళడానికి వాలు మీద దారి చెక్కాలి, ఆ దారి మళ్ళీ వాన నీటికి వంక అవుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. వారానికోసారి పైపైన తడిపితే వేరు పైనే తిరుగుతుంది, తడపడం ఆపిన వేసవిలో మొక్క పోతుంది. ఒక చిన్న భాగంలో మెరుగు పెట్టని మట్టికుండలు మెడదాకా పాతి, నీళ్ళు నింపి, మూకుడు మూసి చూశాం. నీరు మెల్లగా ఊరి మొక్కలు నిలిచాయి. కానీ కుండలు నింపే మనిషి కావాలి, కోతులు మూకుళ్ళు తోసేశాయి. ఇంటి దగ్గరి, బడి దగ్గరి కొద్ది చెట్లకు పనికొచ్చే పద్ధతి ఇది. గుట్టకు కాదు.

తర్వాత విత్తన బంతులు. పిల్లలు ఉత్సాహంగా వేలల్లో చేశారు, పండుగ రోజునే గుండ్ల మీద నుంచి విసిరారు. మొలిచినవి లెక్కలోకి రానంత తక్కువ. కార్తీకంలో విసిరితే నానడానికి వాన లేదు. తంగేడు, చీకిరేణి గింజల పైతొక్క గట్టిది, వేడినీటి శుద్ధి లేకుండానే బంతుల్లో పెట్టారు. చెరువు బంకమట్టి ఎక్కువై బంతి ఎండి రాయైంది. పగిలిన వాటిని చీమలు, ఎలుకలు తీసుకుపోయాయి. విసిరిన బంతి ఎక్కడ పడాలో ఎవరి చేతిలోనూ లేదు. సగం రాతి మీద, సగం లాంటానాలో పడ్డాయి. పిల్లలకు గింజల్ని పరిచయం చేయడానికి బంతులు చేయించడం మంచిదే. అడవి పెంచే పద్ధతిగా దాన్ని మేం సిఫారసు చేయం.

మూడో ప్రయత్నం పండుగను ఆపడం. తొక్కిడే నష్టమైతే తొక్కిడి ఆపితే సరిపోతుందన్నది తర్కం. ఒక కార్తీకం గుట్ట మీదికి ఎవరూ వెళ్ళలేదు. పాదంలో మోళ్ళు ఆ చలికాలం బాగా చిగిర్చాయి. ఫిబ్రవరిలో చందాలు లేక కాపలాదారు జీతం ఆగింది. గడ్డి కోతకు మనుషుల్ని కూడగట్టే సందర్భమే లేకపోయింది, మోకాలెత్తు ఎండుగడ్డి అలాగే నిలబడింది. మార్చిలో నిప్పు పడితే కొమ్మలతో బాదడానికి పరుగెత్తి వచ్చినవాళ్ళు చాలా తక్కువ. ముందటి ఏళ్ళలో ఇదే గుట్టకు నిప్పు అంటుకుంటే ఊరు కదిలేది. చిగుళ్ళు చాలావరకు మాడాయి.

ఈ వైఫల్యం మిగతా రెండింటికంటే ఎక్కువ నేర్పింది. పండుగ అంటే గుట్టకు నష్టం చేసే ఒక రోజు మాత్రమే అనుకుని తూచాం. అదే రోజున కాపలాకు డబ్బు పోగవుతుంది, ఎవరు ఏ పని చేస్తారో ఒప్పందం కుదురుతుంది, గుట్ట తమదన్న మాట నలుగురిలో గట్టిపడుతుంది. పండుగ తీసేస్తే అవన్నీ పోతాయి. అందువల్ల పండుగ ఉండాలి, అది మెచ్చుకునే పని మారాలి అన్న నిర్ణయానికి వచ్చాం.

పనిచేసిన మార్పులు

ముందు మేకల కాపరులతో కూర్చున్నాం. అంతదాకా వాళ్ళని సమితి పిలవనేలేదు. పండుగ తర్వాత మొక్కల చుట్టూ వేసే ముళ్ళకంచె సరిగ్గా మేకలు చెరువుకు దిగే దోవకు అడ్డంగా పడేది. మేకలు కంచె తోసుకుని వచ్చేవి, మొక్కలు తినేవి, గొడవ అయ్యేది. "ముందే మమ్మల్ని అడిగింటే దోవ యాడుందో చూపిస్తాంటిమి గదా సామీ" అన్నాడు ఒక పెద్ద కాపరి. కుదిరిన ఒప్పందం ఇది: గుట్టను మూడు భాగాలు చేయాలి, ఒకటి మూడేళ్ళు మూసి ఉంచాలి, మిగతా రెండూ మేపుకోవచ్చు. మొదట ఏది మూయాలో కాపరులే చెప్పారు. చెరువుకు ఆరు మీటర్ల వెడల్పు దోవ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఆ దోవను కావాలనే మూసిన భాగం అంచు వెంబడి తీసుకెళ్ళాం. జనవరి, ఫిబ్రవరుల్లో మేకలు దాని మీద రోజూ నడిచి, మేసి, గడ్డి మిగలకుండా చేస్తాయి. అదే అగ్గిగీత, అంటే నిప్పు దాటకుండా ఆపే ఖాళీ పట్టీ, అవుతుంది. మిగిలిన అంచుల్లో సంక్రాంతి అయిన వారంలో ఐదారు మీటర్ల వెడల్పున గడ్డి కోసి బయటికి మోసేస్తారు. కాల్చి గీత వేసే పద్ధతి ఉంది గానీ, గాలి లేచే చోట నేర్పున్న మనుషులు లేకుండా అది ప్రమాదం. కోసిన బోదగడ్డికి కొట్టాల కప్పుకు గిరాకీ ఉంది. ఆ డబ్బులో ఒక వాటా కాపలాకు చేరింది, జీతం చందాల మీద ఆధారపడడం తగ్గింది.

మూసిన భాగంలో నాటడం దాదాపు మానేశాం. చీకిరేణి, నారేప మోళ్ళకు గుంపుగా వచ్చే చిగుళ్ళలో నిటారుగా ఉన్న రెండింటిని ఉంచి, మిగతావి పదునైన కత్తితో మొదట్లో చీలిక రాకుండా కోయించాం. వేరు బలం రెండింటికే పోయి ఎత్తు త్వరగా వస్తుంది. బలుసు, రేగు, కలివి పొదలకు ఇలా చేయకూడదు. వాటి ముళ్ళగుబురే మిగతా మొలకలకు కంచె. గింజలు వేయాల్సి వస్తే ఆ గుబుర్ల అంచున, వాలుకు పైవైపు, మూడేసి గింజలు గుచ్చి పెట్టాం. పైనుంచి జారే నీరు పొద దగ్గర ఆగుతుంది, మేక మూతి లోపలికి పోదు. లోతు గింజ మందానికి రెండు మూడింతలు చాలు. తంగేడు, చీకిరేణి గింజలకు మరిగిన నీళ్ళు పొయ్యి మీంచి దించి, బుడగలు ఆగాక అందులో వేసి రాత్రంతా నానబెట్టాలి. తెల్లారి ఉబ్బినవి వేయాలి, ఉబ్బనివాటికి మళ్ళీ అదే చేయాలి. వేప గింజ పండు గుజ్జు తీసిన రెండు మూడు వారాల్లోపే నేలలో పడాలి, నిలవ ఉంటే మొలవదు. నారేప ప్రతి ఏడూ బాగా కాయదు, కాసిన ఏడు వదులుకోకూడదు. ఉసిరికాయల్ని ఎండలో పెడితే లోపలి గట్టి పెంకు పగిలి గింజలు బయటపడతాయి.

మొక్కలే నాటాల్సిన కొద్ది చోట్ల కాలం మఖ, పుబ్బ కార్తెలకు మార్చాం, అంటే ఆగస్టు మూడో వారం నుంచి సెప్టెంబరు మొదటి భాగం. తేదీ ఒక్కటే చూడకూడదు. మూరెడు లోతు తవ్వి తీసిన మట్టిని పిడికిట పిసికితే ముద్ద కావాలి, పొడిగా రాలితే ఆగాలి. గుంత గోడల్ని గడ్డపార మొనతో గరుకుగా పొడిచి పగుళ్ళు చేయాలి. సంచి మొత్తం తీసేసి, చుట్టుకున్న వేళ్ళను రెండు మూడు చోట్ల నిలువుగా కోయాలి. గుంత చుట్టూ వాలు కిందివైపు రెండు మీటర్ల అర్ధచంద్రాకారపు కట్ట వేయాలి. ఇంత చేసినా నాటేది మోళ్ళు అసలు లేని బోడిచోట్ల మాత్రమే.

లాంటానా మీద ఎక్కువ ఆలోచన పెట్టాల్సి వచ్చింది. ఊళ్ళో పులికంప అంటారు. వంక వైపు వాలంతా అదే. సమితి కోరిక, అతి దట్టంగా ఉన్నచోట జేసీబీ పెట్టి ఒక్కసారిగా పీకించాలని. వద్దన్నాం. నేల తిరగబడితే అందులో దాగిన లాంటానా గింజలకే మేలు, ఒక్క వానకు పచ్చగా మొలుచుకొస్తాయి. సిడ్నీలోని మోస్‌మన్ ప్రాంతంలో జోన్, ఐలీన్ బ్రాడ్లీ అక్కచెల్లెళ్ళు 1960లలో అక్కడి పొదల అడవిలో కలుపు తీస్తూ రూపొందించిన మూడు సూత్రాలు ఇక్కడా నిలబడ్డాయి: అడవి బాగున్న చోట మొదలుపెట్టి పాడైన చోటి వైపు జరగాలి, నేలను వీలైనంత తక్కువ కదపాలి, స్థానిక మొక్క ఎంత వేగంగా ఆ ఖాళీని నింపుతుందో కలుపు అంత వేగంగానే తీయాలి. బాగున్న చోట నాలుగు పొదలు తీస్తే చుట్టూ ఉన్న బలుసు, తంగేడు ఆ జాగా ఆక్రమిస్తాయి. దట్టం మధ్యలో నలభై తీస్తే ఆ జాగా మళ్ళీ లాంటానాకే.

తీసే పద్ధతి ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య సి.ఆర్. బాబు బృందం ప్రచారంలోకి తెచ్చిన వేరు కోత. పొద మొదట్లో మట్టి కాస్త తొలగించి, కాండం వేరుగా మారే చోటికి 3 నుంచి 5 సెంటీమీటర్ల కింద తల్లివేరును కొట్టాలి. చిగుళ్ళు పుట్టేది ఆ మార్పు జరిగే చోటే. దానికి పైన నరికితే రెట్టింపు గుబురు వస్తుంది. మొత్తం వేరు పీకబోతే నేల తిరగబడుతుంది. కొట్టిన పొదను తలకిందులుగా పెట్టాలి, వేరు నేలకు తగిలితే మళ్ళీ నాటుకుంటుంది. కాయ పండకముందే ఈ పని అవ్వాలి. పండినచోట ముందు కాయల కొమ్మలు గోతాల్లోకి కోసుకోవాలి. తీసిన జాగాలో ఆ వానలకే బోదగడ్డి గింజ చల్లాలి. తిరిగి చూడగలిగినంత మేరే తీయాలి: తొలి వానలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి, అలా మూడేళ్ళు. మళ్ళీ మొలిచేది ముందు పెద్ద చెట్ల కింద. పికిలిపిట్టలు, గోరింకలు అక్కడ వాలి గింజలు వదులుతాయి కాబట్టి తనిఖీ అక్కడ మొదలవ్వాలి. రిజర్వు అడవి అయితే ఇవన్నీ అటవీశాఖ సిబ్బంది అనుమతితో, సమితి సూక్ష్మప్రణాళికలో (ఆ అడవికి రాసుకునే పనుల ప్రణాళిక) రాయించుకుని చేయాలి.

చెరువు గర్భంలోని సర్కారు తుమ్మను మాత్రం ముట్టుకోలేదు. 1877లో జమైకా గింజలతో కడప ప్రాంతంలో వేసిన ఈ చెట్టు ఇప్పుడు సీమలో చాలా ఇళ్ళకు వంటచెరకు. దాన్ని ఒక్కసారి తీసేస్తే గొడ్డళ్ళు గుట్టకు ఎక్కుతాయి. చెరువు కోసమైతే దాన్ని తీయాలి, గుట్ట కోసమైతే ఉంచాలి. ఇక్కడ గుట్టకు మొగ్గాం. సమితిలో అందరూ దీనికి ఒప్పుకోలేదు.

పండుగను మార్చిన తీరు

కార్తీక ఆదివారం అలాగే ఉంది. ఆ రోజు నాటడం లేదు, లెక్కింపు ఉంది. రంగు వేసిన రాళ్ళతో శాశ్వతంగా గుర్తించిన ఇరవై చతురస్రాల్ని పొద్దున ఏడింటి నుంచి పదింటిలోపు లెక్కిస్తారు. పదిహేను మందికి మించని జట్లు, ముందు నడిచే మనిషి ఒకరు, తాడు పట్టేవాళ్ళు ఇద్దరు, పేర్లు చెప్పే ఆడమనిషి ఒకరు, రాసే బడిపిల్ల ఒకరు. రెండు బాటల మీదే నడక. లెక్కించేవి నాలుగే: మోకాలెత్తు దాటిన చిగుళ్ళు, ఆ ఏడు మొలిచిన స్థానిక మొక్కలు, లాంటానా మొలకలు, కాలిన లేదా నరికిన గుర్తులు. ఎక్కువ అంశాలు పెడితే జట్టుకో తీరుగా రాస్తారు, ఏడాదికీ ఏడాదికీ పోల్చలేం.

ఆ లెక్క భోజనాలకు ముందే, ప్రసంగాలకు ముందే చదువుతారు. తగ్గిన అంకెలు కూడా చదవాలా అని సమితిలో గట్టి చర్చ జరిగింది. దాతలు వెనక్కి తగ్గుతారని కొందరి భయం. చదవాలనే పట్టుబట్టాం, ఎందుకంటే ఏ చతురస్రంలో లాంటానా పెరిగిందో నలుగురిలో వినిపిస్తేనే ఆ వారం ఎవరు వెళ్తారన్న మాట అక్కడికక్కడే తేలుతుంది. అలాగే జరిగింది. చందాల్లో కొంత నేరుగా ఫలానా చతురస్రం చుట్టూ కలుపుకు అని వచ్చింది.

భోజనం గుట్ట మీంచి కిందికి, చెరువు కట్ట పక్కన చింతతోపుకు దించడం సులువు కాలేదు. కార్తీక వనభోజనానికి ఉసిరి చెట్టు కావాలి, గుట్ట మీద పెద్ద ఉసిరి ఒకటే. వందల మంది కూర్చుని, పొయ్యిలు పెట్టి దాని చుట్టూ నేల బండబారింది, కింద ఒక్క మొలక లేదు. పెద్దలే దారి చూపారు. క్షీరాబ్ది ద్వాదశికి తులసికోటలో ఉసిరికొమ్మ నిలిపి పూజ చేయడం ఇంటింటా ఉన్న ఆచారమే కదా అన్నారు. తోపులో ఉసిరికొమ్మ నిలిపి పూజ జరిపారు, తోపు అంచున ఉసిరి మొక్కలు నాటి పెంచుతున్నారు. గుట్ట మీద పొయ్యి, అగ్గిపెట్టె, మైకు ఉండవు. వంట బడి దగ్గర గ్యాస్ మీద. విస్తరాకుల్లో వడ్డన, స్టీలు గ్లాసులు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, థర్మోకోల్ అలంకరణలు దేశమంతటా నిషేధం కాబట్టి ఈ నియమం పెట్టడం తేలికైంది. ఎంగిలాకులు గుట్టవైపు పారేస్తే కుక్కలు, అడవిపందులు అలవాటు పడతాయి, వాటిని గుంతలో వేసి మట్టి కప్పడం తప్పనిసరి.

అతిథుల సమస్య ఒకటి మిగిలింది. వచ్చిన పెద్దమనిషి మొక్క నాటకుండా వెళ్తే చిన్నబుచ్చినట్టు అనుకుంటారు. వాళ్ళ పేరున పుబ్బ కార్తెలోనే బడి ఆవరణలో మొక్క నాటి ఉంచుతారు, కార్తీకంలో అతిథి దానికి నీళ్ళు పోసి కట్టెకు కట్టు కడతారు. ఫోటో వస్తుంది, బతికిన మొక్కతోనే వస్తుంది.

శాలువాలు అంతకుముందు దాతలకు కప్పేవారు. ఇప్పుడు కాపలాదారుకు, లాంటానా తీసిన ఆడవాళ్ళకు, మార్చిలో నిప్పు బాదినవాళ్ళకు, ఒప్పందం తప్పకుండా మేపిన కాపరులకు కప్పుతున్నారు. దాతల పేర్లు చదివి కృతజ్ఞత చెబుతారు. కాపరులకు గౌరవం దక్కిన ఏడే మూసిన భాగంలో మేకలు దూరిన గుర్తులు బాగా తగ్గాయి. బయటి ఊళ్ళ మందల్ని ఆపింది కూడా వాళ్ళే. ఈ ఫలితానికి శాలువా ఒక్కటే కారణమని చెప్పలేం, దోవ తెరిచి ఉంచడం దానికి ముందే జరిగింది.

ఇంకెక్కడైనా చేయబోయేవారికి

పూర్వపు అనంతపురం జిల్లాలో (ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా) తింబక్టు కలెక్టివ్ అనే సంస్థ తోడ్పాటుతో 1990ల నుంచి ఊళ్ళు కాపాడుకుంటున్న కల్పవల్లి అడవిని చూసినవారికి మోళ్ళ బలం కొత్త సంగతి కాదు. అయినా ప్రతి ఊళ్ళో మొదటి కోరిక మొక్కల లారీయే. నర్సరీకి ఇండెంటు పెట్టకముందు తాడుతో చతురస్రాలు వేయండి. పది మీటర్ల చతురస్రంలో మోళ్ళు విరివిగా కనిపిస్తే డబ్బు కాపలాకు, అగ్గిగీతకు, కలుపుకు పెట్టండి. అక్కడ గుంతలు తవ్వడం ఉన్న వేళ్ళను నరకడమే. మోళ్ళు అసలు కనిపించని చోట, నేల కొట్టుకుపోయి రాయి తేలిన చోట గింజలు, మొక్కలు, కట్టలు అవసరం, అక్కడ ఈ కేసును గుడ్డిగా అనుసరించకూడదు.

పండుగ ఇప్పటికే ఉన్న ఊళ్ళో దాన్ని ఆపమని ముందుగా చెప్పకండి. అది ఏ ఏ పనులకు డబ్బును, మనుషుల్ని అందిస్తోందో రాసి చూసుకోండి. పండుగ లేని ఊళ్ళో కొత్తగా పెట్టాలనుకుంటే కనీసం ఒక వేసవి కాపలా గడిచాక పెట్టండి. అప్పటికి చెప్పుకోవడానికి, లెక్కించడానికి ఏదో ఒకటి గుట్ట మీద ఉంటుంది.

ఈ గుట్టలో మొదటి భాగాన్ని మేతకు తెరిచే సమయం దగ్గరికొచ్చింది. మూడేళ్ళన్నది గడువు మాత్రమే, అది నిండగానే తెరవాలని లేదు. చీకిరేణి, నారేప చిగుళ్ళలో ఎక్కువ భాగం మేక నిలబడి అందుకునే ఎత్తు, అంటే సుమారు రెండు మీటర్లు దాటితేనే తెరవాలని కాపరులు, సమితి కలిసి రాసుకున్నారు. వానలు తప్పిన ఏడాది వస్తే గడువు పొడిగించి, బదులుగా ఆ భాగంలోని గడ్డిని కాపరులకు ఉచితంగా కోసుకోనివ్వాలన్నది అదే కాగితంలో రెండో షరతు.